రాజవ్వ కోసిన పడుగు

మాగిన సీతాఫలం వాసన తగిలితే ఎవరికైనా నోరూరుతుంది. నాకు అరచేతుల్లో చెమట పడుతుంది. దసరా దాటిందంటే చాలు, కరీంనగర్‌లో మా కాలనీ ముందు గుట్టల పక్క ఊళ్ల ఆడవాళ్లు గంపలు దించుతారు. మొన్న పొద్దున్నే పాలకోసం కిందికి దిగుతుంటే రెండో అంతస్తు మలుపులో ఆ తియ్యటి వాసన ముక్కుకు తగిలింది. ఎవరో పండ్లను గోనెసంచి కింద మాగేసి తలుపు బయటే పెట్టారు. నేను మెట్ల మీద ఆగిపోయి గట్టిగా దగ్గి, "వస్తున్న, నేనే" అన్నాను. అక్కడ పిల్లి కూడా లేదు. వెనకాల దిగుతున్న మా అమ్మాయి మానస నవ్వింది. "ఎవరికి చెప్తున్నవే అమ్మా?" అంది. దానికిప్పుడు ఇరవై దగ్గర పడింది. ఆ మాట రాజవ్వదని చాలాసార్లు చెప్పాను. ఆమె ఎవరో దానికి గుర్తులేదు. ఆ పొద్దుటి సంగతీ గుర్తులేదు. గుర్తులేకపోవడమే మంచిదనుకుంటాను.

మాది లక్సెట్టిపేట. పెళ్లయి హుస్నాబాద్ దిక్కున ఒక చిన్న ఊరికి కోడలిగా వచ్చాను. అటు పల్లే కాదు, ఇటు పట్నమూ కాదు. బస్టాండు, నాలుగు బ్యాంకులు, సంత, ఊరి వెనక రాతిగుట్ట. మా ఆయన సాంచాల షెడ్డులో మరమగ్గాలు నడిపేవాడు. మా మామ మాత్రం చేతిమగ్గం వదల్లేదు. "నా చెయ్యి ఉన్నన్నొద్దులు నా మగ్గం ఉంటది" అనేవాడు. మా గల్లీకి ఒకవైపే దారి. తూర్పు మొదలు బజారులో కలుస్తుంది. పడమటి కొసను పాత పత్తి గోదాము గోడ మూసేస్తుంది. ఆ గోడను ఆనుకునే మా ఇల్లు, మా అరుగు, గల్లీ అంతటికీ ఒక్కటే నల్లా. గల్లీ నడుమ రాజవ్వ ఇల్లు.

రాజవ్వను మొదటిసారి చూసినప్పుడు నేను భయపడ్డాను, దాచడమెందుకు. ముఖంలో ఎడమ సగం లేనట్టే ఉండేది. కన్ను మూసుకుపోయి, చెంప లోపలికి కుట్టేసినట్టు ముడతలుపడి ఉండేది. కొంగు ఎప్పుడూ అటువైపు లాగి పట్టుకునేది. బీడీల చాట ఒడిలో పెట్టుకుని, తునికాకును కత్తెరతో కత్తిరిస్తూ, మిగిలిన ఒక్క కంటితో గల్లీలో వచ్చిపోయేవాళ్లందరినీ చూసేది. వయసులో ఉన్నప్పుడు తునికాకు తెంపడానికి అడవికిపోతే గుడ్డెలుగు పట్టిందని మా అత్తమ్మ చెప్పింది. గుడ్డెలుగంటే ఎలుగుబంటి. చెప్పి, "ఆమె మాటలు జర తక్కువ వినవే. నిన్ను సుత పిరికిదాన్ని చేస్తది" అంది.

అత్తమ్మ అన్నదాంట్లో అబద్ధం లేదు. రాజవ్వంత పిరికి మనిషిని నేను ఇప్పటిదాకా చూడలేదు. పొద్దు గూట్లో పడకముందే తలుపుకు గడియ పెట్టేది. తెల్లవారుజామున బయటికి రావాల్సివస్తే కర్రతో గడప మీద మూడుసార్లు కొట్టేది. ఏ మూల తిరిగినా, ఏ గోడ మలుపు వచ్చినా ఆగి, దగ్గి, "వస్తున్న, నేనే" అని అరిచి అప్పుడు అడుగు వేసేది. గల్లీలో పిల్లలకు అదొక ఆట. ఆమె వెనకే నడుస్తూ "వస్తున్న, నేనే" అని గొంతు మార్చి అరిచేవాళ్లు. నేను కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేదాన్ని. ఒకరోజు నల్లా దగ్గర నా నవ్వు ఆమె కంటపడింది.

"నవ్వు బిడ్డా, నవ్వు" అంది కోపం లేకుండా. "నేను వస్తున్నట్టు గుడ్డెలుగుకు ఎరుకైతే దాని తోవల అది పోతది. ఎరుకలేక ఎదురువడ్డమనుకో, భయానికి మీద వడ్తది. దాని చూపు దూరం ఆనది. వాసన, సప్పుడు, గంతే."

"ఊళ్లెకు ఎందుకొస్తదవ్వా? అది గుట్టల ఉంటది గద" అన్నాను.

ఆమె గుట్టవైపు చెయ్యి చూపింది. అప్పటికి రెండేళ్లుగా ఆ గుట్టను రాయికోసం కోస్తున్నారు. మధ్యాహ్నం పూట పేలుడు శబ్దానికి మా వంటింట్లో గిన్నెలు కదిలేవి. "దాని ఇల్లు వలగ్గొడ్తుంటే అది ఏడికి పోవాలె?" అంది. ఆ తర్వాత నాకు ఒక్కొక్కటే చెప్పింది. కనబడితే ఉరకవద్దు, ఉరికితే వెంటపడుతుంది. చెట్టెక్కవద్దు, మనకంటే ముందు అదే ఎక్కుతుంది. కుక్కను తోలవద్దు. దానివైపే మొహం పెట్టి మెల్లగా వెనక్కి జరగాలి. అన్నిటికంటే ముందు, దానికి పోయే తోవ వదలాలి. చివరగా మా అరుగువైపు చూసి, "ఆ పండ్లు లోపట పెట్టు, సరితా. గా వాసన గుట్టదాకా పోతది" అంది.

మా అరుగు మీద సీతాఫలాలు కుప్పగా ఉన్నాయి. గుట్ట పక్కనుంచి తెచ్చుకుని గడ్డిలో మాగేసుకోవడం అందరికీ అలవాటే. లోపల పెడితే ఈగలు ముసురుతాయి, మగ్గం గుంతలో తేమ చేరుతుందని మామ ఒప్పుకునేవాడు కాదు. "సరే అవ్వా, పొద్దుగాల తీస్త" అన్నాను. పొద్దున తీయలేదు. మర్నాడూ తీయలేదు. నిజానికి ఆ మాట నా చెవిలో దూరిందే తప్ప మనసులో పడలేదు.

మానసకు గుర్తులేదన్న ఆ పొద్దు, మామ పడుగుకు గంజి పెట్టే రోజు. చూడనివాళ్లకు చెప్పాలి. మగ్గం మీదికి ఎక్కే పోగులన్నిటినీ గల్లీ పొడవునా నడుము ఎత్తులో చాచి కట్టి, గంజి పట్టించి, రెండువైపులా మనుషులు నిలబడి పెద్ద కుంచెలతో దువ్వుతూ పోతారు. ఎండ ముదరకముందే పని అయిపోవాలి. తడి ఆరేదాకా చెయ్యి ఆపకూడదు. ఆపితే పోగుకు పోగు అంటుకుని పడుగంతా కట్టెబారిపోతుంది, నెలల కష్టం మట్టిలో కలుస్తుంది. అందుకే మా గల్లీలో ఒక మాట ఉండేది: తడి పడుగును వదిలినవాడు పెళ్లిపీటల మీదినుంచి లేచినవాడితో సమానం. ఇంట్లో మనిషి పడిపోయినా సరే, ఒకడు వెళ్తాడు, మిగిలినవాళ్లు దువ్వుతూనే ఉంటారు.

తెలవారుతుండగా మామ, ఇంకో అయిదుగురు గల్లీ మొదటినుంచి రాజవ్వ ఇంటిదాకా పడుగు చాచారు. అసలే ఇరుకు గల్లీ. పడుగుకు అటొకరు ఇటొకరు నిలబడితే మనిషి దూరే సందు కూడా ఉండదు. అప్పటికే ఎలుగు గల్లీలో ఉందని ఎవరికి తెలుసు? చీకటుండగానే వచ్చి మా అరుగు మీది పండ్లు తిని, గోదాము గోడ పక్కన గడ్డిమోపుల వెనక పడుకుంది. మావాళ్లు దాని వెనకనుంచి తలుపు మూసినట్టు పడుగు కట్టేశారు.

మా ఆయన రాత్రి షిఫ్టునుంచి ఇంకా రాలేదు. నల్లా వచ్చిన శబ్దం విని నేను బిందె తీసుకుని బయటికి వచ్చాను. అప్పటికి మూడేళ్ల మానస నా కొంగు పట్టుకుని వెంట వచ్చింది. అరుగు మీద గడ్డి చెల్లాచెదరుగా ఉంది, తొక్కలు, గింజలు. కోతులు కాబోలనుకుని తిట్టుకుంటూ నల్లా కింద బిందె పెట్టాను. అప్పుడు గడ్డిమోపుల వెనకనుంచి ఊపిరి వినిపించింది. మనిషి ఊపిరి కాదు. ఎవరో బరువు మోస్తూ గసపోసినట్టుంది. తల తిప్పాను. పది అడుగులుంటుంది, అంతే. నల్లటి జూలు, బూడిదరంగు మూతి, మూతికి అంటిన తెల్లటి గుజ్జు. నేను ముందు చూసింది దాని గోళ్లను. వేలంత పొడుగున్నాయి. ఉరుకుదామనుకున్నాను. మా ఇంటి తలుపుకూ నాకూ నడుమనే అది ఉంది. ఇటు గోదాము గోడ.

ఉరకవద్దన్న మాట ఒక్కటే తలలో మిగిలింది. మానసను గోడకూ నాకూ నడుమ ఇరికించి, వెనక్కి చెయ్యి పెట్టి దాని నోరు మూశాను. పిల్ల పళ్లు నా వేలికి దిగబడ్డాయి. నల్లా నీళ్లు బిందె నిండి పొర్లిపోతున్నాయి. కట్టేయడానికి చెయ్యి చాచే ధైర్యం లేదు.

అప్పుడే గల్లీలో ఎవరో దాన్ని చూశారు. "గుడ్డెలుగు! గుడ్డెలుగు!" అని ఒకటే గోల. బజారునుంచి జనం ఉరికొచ్చారు. ఈలలు, పళ్లాల మోత. అప్పుడప్పుడే వచ్చిన కెమెరా ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసేవాళ్లు. ఒక రాయి వచ్చి గడ్డిమోపు మీద పడింది. వాళ్లంతా నన్ను కాపాడుతున్నామనే అనుకుంటున్నారు. వాళ్లు అరిచినప్పుడల్లా అది రెండడుగులు వెనక్కి, అంటే నావైపు జరుగుతోంది. ఒకసారి గల్లీలోకి నాలుగడుగులు వేసింది. ఎదురుగా తెల్లగా ఊగుతున్న పడుగు, దానికి అటూ ఇటూ కుంచెలు పట్టుకున్న మనుషులు, వాళ్ల వెనక గుంపు. ఆగిపోయింది. మళ్లీ మావైపు తిరిగి వెనకకాళ్ల మీద లేచి నిలబడింది. మూతి పైకెత్తి వాసన చూస్తోంది. ఆ వాసన మాదే. నా బిడ్డ ఇక బతకదనుకున్నాను. అంతకంటే వేరే మాట నాకు తోచలేదు.

మా మామ నన్ను చూశాడు, పిల్లనూ చూశాడు. ఆయనకు మనవరాలంటే ప్రాణం. అయినా ఆయన చెయ్యి కుంచె వదల్లేదు. "సరితా, కదలకు బిడ్డా, కదలకు!" అని ఏడుపు గొంతుతో అరుస్తూ దువ్వుతూనే ఉన్నాడు. మిగిలినవాళ్లూ అంతే. ఇప్పుడు చెబితే ఎవరూ నమ్మరు. ఆయనకు మనసు లేక కాదు. నలభై ఏళ్లుగా ఆ చేతులకు తడి పడుగును వదలడం తెలియదు.

రాజవ్వ తలుపు తెరుచుకుంది. చేతిలో బీడీల కత్తెర. కాళ్లు గడగడా వణుకుతున్నాయి, నాకు అంత దూరంనుంచి కనిపిస్తూనే ఉంది. కొంగు జారిపోయింది, ముఖమంతా బయటికే ఉంది. ఆమె ఎలుగువైపు చూడలేదు. నేరుగా పడుగు దగ్గరికి వచ్చి కత్తెర పెట్టింది.

"ఏయ్ ముసల్దానా! పడుగు! పడుగే గది!" మామ కేక పెట్టాడు.

"ఎరుకే" అంది రాజవ్వ. "గిది ఉన్నంతసేపు మీరు తోవ ఇడువరు."

కత్తెర చిన్నది, పడుగు వెడల్పు. కరకరమని కోస్తూ ఒక అంచునుంచి రెండో అంచుకు నడిచింది. చివరి పోగు తెగేసరికి పడుగంతా తన బరువుకే జారి నేలమీద పడింది. ఆ ఆరుగురు మగవాళ్లు ఒట్టి చేతులతో నిలబడ్డారు. పట్టుకోవడానికి ఇక ఏమీ లేదు. ఆమె గొంతు తగ్గించి, "ఇండ్లల్లకు నడువుండ్రి. సప్పుడు చెయ్యకుండ్రి. మల్లయ్యా, బజార్ల జనాన్ని పక్కకు తియ్యి" అంది. మల్లయ్య అంటే మా మామే. ఆయన అప్పుడు ఉరికాడు. కుంచెతోనే జనాన్ని తోశాడు. ఈలలు ఆగాయి. రాజవ్వ తన గడపలోకి వెనక్కి వెనక్కి జరిగి, తలుపు ఓరగా పట్టుకుని, చంటిపిల్లతో మాట్లాడినట్టు, "పో బిడ్డా, పో. తోవ ఇచ్చినం, పో" అంది.

నల్లా నీళ్ల శబ్దం ఒక్కటే. ఎలుగు నాలుగు కాళ్ల మీదికి దిగింది. కాసేపు అలాగే ఉంది. తర్వాత మాకు వీపు చూపి, గల్లీలోకి నడిచి, పడిపోయిన పడుగును తొక్కుకుంటూ, రాజవ్వ గడప ముందునుంచే బజారు దాటి గుట్ట దారి పట్టింది. దాని కాలి గోళ్లకు చిక్కిన తెల్ల పోగులు కొంతదూరం ఈడ్చుకుంటూ పోయాయి. అటవీశాఖవాళ్లు తర్వాత వచ్చి అది గుట్టెక్కిందని చెప్పారు. నేను పిల్ల నోటిమీది చెయ్యి తీశాను. మానస నా చెయ్యి వదిలి, "అమ్మా, బిందె నిండింది" అంది.

ఊరంతా ఒక పూట రాజవ్వను మెచ్చుకుంది. మా గల్లీ మాత్రం మెచ్చుకోలేదు. నేతగాళ్ల ఇళ్ల నడుమ పడుగు కోసిన చెయ్యి కీడు చేస్తుందన్నారు. ఇంకో మాట కూడా అనుకున్నారు, నవ్వుకుంటూ. తలుపు ఓరగా పట్టుకుని నిలబడ్డప్పుడు భయానికి ఆమె చీర తడిసిపోయిందని. అది నిజమే. ఆమే నాకు చెప్పింది. మామ ఆమెతో మాట్లాడలేదు. మనవరాలు బతికిందని దేవుడికి దండం పెట్టేవాడు, రాజవ్వ ఎదురొస్తే తల తిప్పుకునేవాడు. రెండింటికీ నడుమ ఆయన ఎలా నలిగాడో ఆయనకే తెలియాలి.

నాలుగో రోజు ఆయన కట్టెబారిన చోట కోసేసి, మిగిలిన పడుగు ముక్కలను ఎదురెదురుగా పరిచి, తెగిన పోగులను ఒక్కొక్కటిగా ముడివేయడానికి కూర్చున్నాడు. వేల పోగులు. నేను సాయం కూర్చుంటే నా చేతిలో పోగులు తెగాయి. గడప దగ్గర దగ్గు వినిపించింది. "వస్తున్న, నేనే."

ఎవరూ రమ్మనలేదు. బీడీల చాట ఇంట్లో వదిలేసి రాజవ్వ వచ్చి రెండో అంచు దగ్గర కూర్చుంది. బీడీకి దారం చుట్టిన వేళ్లు, ముడి మహా నాజూకుగా పడుతోంది. మామ తల ఎత్తలేదు. కొంతసేపయ్యాక పక్కనున్న పీటను కాలితో ఆమెవైపు నెట్టాడు. రోజుల తరబడి అలా ముడులు వేశారు. ఆ రోజుల్లో వాళ్లిద్దరూ మాట్లాడుకున్న మాటలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఒక మధ్యాహ్నం మామ భోజనానికి లేచినప్పుడు నేను ఉండబట్టలేక చెప్పేశాను. "అవ్వా, పండ్లు లోపట పెట్టమన్నవు. నేనే పెట్టలే. గందుకే వచ్చింది." ఏడుపు ఆగలేదు. ఆమె ముడి వేస్తూనే, "నాకు ఎరుకే" అంది. ఇంకో పోగు అందుకుంటూ తనే మొదలుపెట్టింది.

"తునికాకుకు పోయినప్పుడు మేం పదిమందిమి. పొదల గుడ్డెలుగును సూసినం. అందరం అరుసుకుంట సుట్టూ నిలవడ్డం, పోతదనుకున్నం. వాగుదిక్కు ఒక్కటే తోవ. గా తోవల నేను నిలవడ్డ. నాకు ఎరుక లేదు బిడ్డా, దాని తోవల నిలవడ్డనని." ఒంటి కన్ను ఎత్తి నన్ను చూసింది. "నీ బిడ్డ ఎనుక గోడ ఉండె. గది సూసినంక ఇంట్ల కూసోబుద్ది కాలే."

ఆమె వేసిన ముడులు ఇంకా మగ్గం మీద ఉండగానే చలికాలం వచ్చింది. మామ ఆ పడుగుతో దుప్పటి నేశాడు. ముడులున్న చోట అడ్డంగా ఒక గరుకు వరుస పడింది. మామూలుగా అక్కడ కోసి పారేస్తారు. ఆయన కోయలేదు. మడతపెట్టి తీసుకెళ్లి రాజవ్వ గడప మీద పెట్టి వచ్చేశాడు. ఆమె పోయేదాకా దాన్నే కప్పుకుంది.

నిన్న మా కాలనీ వాట్సాప్‌లో కేకలే కేకలు. వెనక ఖాళీ ప్లాటులో ఎలుగు దూరిందట. నేను బాల్కనీలోంచి చూశాను. ముందువైపు గేటు నిండా జనం, మేడల మీద ఫోన్లు. అటవీశాఖకు ఫోన్ చేశారట, వాళ్లు దారిలో ఉన్నారట. ఇక్కడా కాలనీ వెనక ఒక గుట్ట ఉంది, అటువైపున్న ప్లాటు వెనక గేటుకు తాళం. వాచ్‌మన్ "అది ఎటూ పోకుండ ఏసిన మేడం" అన్నాడు గర్వంగా. నా కాళ్లు చేతులు ఆడలేదు. అయినా తాళంచెవి అడిగి తీసుకున్నాను. ప్లాటు గోడకు అవతలి పక్కనుంచి, దగ్గుతూ, నేనే వస్తున్నానని చెబుతూ పోయి గేటు బార్లా తీసి, అదే దారిన వెనక్కి వచ్చాను. ముందు గేటు దగ్గర జనాన్ని లోపలికి పొమ్మని చేతులెత్తి దండం పెట్టాను. కొందరు తిట్టారు. కొందరు వెళ్లారు. ఈలలు ఆగాక అది గుట్టవైపు వెళ్లిపోయింది.

మెట్లు ఎక్కలేక మొదటి మెట్టు మీదే కూర్చుండిపోయాను. మానస నీళ్లు తెచ్చింది. గ్లాసు నా చేతిలో నిలవడం లేదు, అదే పట్టుకుని తాగించింది. దాని ముఖంలో నవ్వు లేదు.

"గింత వణుకుతున్నవ్ గదనే. భయమైతలేదా నీకు? ఎందుకు పోయినవ్?" అంది.

"భయమైంది బిడ్డా" అన్నాను. "గందుకే పోయిన."